పాక్చిక్ గారి చెరువు గట్టు మీద ఒక పూట

భీమవరం

మా మామయ్యకి నీళ్ల మీద ప్రయాణం పడదు. నరసాపురం రేవులో పంటు ఎక్కి అవతల సఖినేటిపల్లిలో దిగేలోపే ఆయన మొహం పాలిపోతుంది. ఆ దూరంలో పల్లీలమ్మేవాడు కూడా పంటంతా ఒక చుట్టు తిరగలేడు. అలాంటి మనిషికి రొయ్యల మేత కంపెనీవాళ్లు ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చారు. ఏడాదంతా మేత బాగా అమ్మిన డీలర్లకీ, బాగా కొన్న రైతులకీ సింగపూర్ నుంచి నాలుగు రోజుల సముద్ర విహారం, భోజనాలతో సహా. రెండు వేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో భీమవరంలో ఇదేమంత వింత కాదు. రొయ్య పండిన ఏడు బ్యాంకాక్, పండని ఏడు అన్నవరం.

మామయ్య బాగా ఆలోచించి తన బదులు నన్ను పంపాడు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. రాజమండ్రిలో డిగ్రీ ముగించి, ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే సమయానికి దగ్గడం నేర్చుకుంటున్నాను.

"ఒరేయ్ శీనూ, నువ్వు షికారుకి వెళ్లట్లేదు. మన దగ్గర మేత కొనే రామరాజు గారు వస్తున్నారు. ఆయన్ని జాగ్రత్తగా తీసుకెళ్లి జాగ్రత్తగా తీసుకురా. తక్కువ మాట్లాడు" అన్నాడు మామయ్య.

"తక్కువంటే ఎంత మామయ్యా?"

"ఇదిగో, ఇలాంటివన్నీ తీసేయగా మిగిలినంత."

రామరాజు గారు భీమవరం పక్క పల్లెలో రొయ్యల రైతు. యాభై దాటాయి. చిన్నా పెద్దా అందరినీ 'అండీ' అంటారు. కోపం వస్తే ఇంకో 'అండీ' కలుపుతారు. విమానంలో ఆయన పక్క సీటు పాలకొల్లు సత్తిబాబు గారిది. ఈయనకి ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షాపూ, కొంచెం చెరువూ, చాలా అభిప్రాయాలూ ఉన్నాయి. విమానం లేస్తుంటే అందరూ దేవుణ్ని తలచుకున్నారు, సత్తిబాబు గారు మాత్రం చెవి కిటికీకి ఆనించి, "ఎడం పక్క ఇంజను కొంచెం పొడిగా ఆడుతోందండీ" అన్నారు. దాంతో మిగిలినవాళ్ల భక్తి రెట్టింపైంది.

ఓడ మీద

ఓడ గురించి చాలామంది అడిగారు కాబట్టి చెబుతున్నాను. అది కదులుతున్నట్టు ఉండదు. పెద్ద కల్యాణమండపాన్ని తీసుకెళ్లి సముద్రంలో పెట్టినట్టు ఉంటుంది. పెళ్లి మాత్రం జరగదు, భోజనాలు ఆగవు. ఎక్కగానే పాస్‌పోర్టులు తీసేసుకుని చేతికొక ప్లాస్టిక్ కార్డు ఇస్తారు. గది తాళం అదే, మన ఉనికికి సాక్ష్యం అదే. రామరాజు గారు దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టి, జేబుకి పిన్నీసు పెట్టి, పైన చెయ్యి పెట్టుకుని పడుకున్నారు.

భోజనశాలలో మావాళ్లంతా నేరుగా రొయ్యల పళ్లెం దగ్గరకే వెళ్లారు. తినడానికి కాదు, తనిఖీకి. రామరాజు గారు ఒకదాన్ని తోక పట్టుకుని దీపం వైపు ఎత్తి, "నలభై కౌంటండి" అన్నారు. కౌంటంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క. సత్తిబాబు గారు ముప్పై ఆరన్నారు. వంటమనిషిని పిలిచి తూకం తెమ్మందామా అనేదాకా వచ్చింది వ్యవహారం. వెనకాల వరసలో నిలబడ్డ తెల్లదొరసాని, ఇందులో ఏదో దోషం ఉందనుకుని కాబోలు, తన పళ్లెంలోని రొయ్యల్ని నెమ్మదిగా వెనక్కి పెట్టేసింది. మన ఎగుమతులకి ఆ పూట కొంత నష్టం జరిగింది.

పెనాంగ్ రేవు, వాన

ఓడ ఒక రోజంతా నడిచాక మర్నాడు పొద్దున్న మలేషియాలోని పెనాంగ్ దీవిలో ఆగింది. వాన. మామూలు వాన కాదు, మన ఆషాఢంలో ముసురు పట్టినట్టు, ఆకాశం ఏ పనీ పెట్టుకోకుండా కూర్చుని కురుస్తున్న వాన. కంపెనీ తరఫున వచ్చిన కుర్ర ఆఫీసరు గొడుగు కింద నిలబడి, "సాయంత్రం ఐదింటికి ఓడ కదులుతుంది. రానివాళ్ల కోసం ఆగదు. మీ పాస్‌పోర్టులు ఓడలోనే ఉంటాయి, గుర్తుపెట్టుకోండి" అన్నాడు.

"మన ప్యాసింజరు బండయితే ఆగేదండి" అన్నారు రామరాజు గారు, దేశాల మధ్య తేడా గమనించి.

రేవు గేటు బయట వ్యాన్లు వరసగా ఉన్నాయి. మేం ముగ్గురం మాట్లాడుకుంటుంటే ఒక వ్యాను తలుపు జరిగింది. లోపలినుంచి నలభై ఏళ్లావిడ తల బయటికి పెట్టి, "తెలుగోరేటండి?" అంది.

పేరు సరోజ. తాతల కాలంలో విజయనగరం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చేసిన కుటుంబం. ఊరి పేరు తాతకి తెలుసట, తాత లేడట. తనెప్పుడూ మన దేశం చూడలేదు గానీ 'బేగి', 'ఏటి' మాత్రం చెక్కు చెదరకుండా దాచుకుంది. ఆ వ్యాను ఆవిడదే, నడిపేదీ ఆవిడే.

సరోజ ముందు మమ్మల్ని టీకి తీసుకెళ్లింది. అక్కడి పాత వీధుల్లో ప్రతి దుకాణం ముందూ పైన కప్పున్న అరుగు ఉంటుంది, ఆ అరుగులన్నీ ఒకదానికొకటి కలిసి ఉంటాయి. వాన కురుస్తుంటే వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా తడవకుండా నడిచిపోవచ్చు. మన దగ్గర ఇలా కడితే, మొదటి వారంలోనే ఎవరి అరుగు మీద వాళ్లు బీరువా పెట్టేసేవాళ్లు. టీ మనలాగే ఎత్తునుంచి లాగి పోస్తున్నారు. ఒక రింగిట్, అంటే మన పన్నెండు రూపాయలు. రామరాజు గారు పరదేశంలో ప్రతి ధరనీ రొయ్యల్లోకి మార్చుకుంటున్నారు. "టీ ఒకటిన్నర రొయ్యండి. ఫర్లేదు" అని తాగారు.

"ఇప్పుడేటి సూపించమంటారు? పాముల గుడుంది, బుద్ధుడి గుడుంది, బట్టల బజారుంది" అంది సరోజ.

రామరాజు గారు సత్తిబాబు గారి వైపు చూశారు. సత్తిబాబు గారు నా వైపు చూశారు. నాకు అర్థమైంది గానీ నమ్మబుద్ధి కాలేదు.

"అమ్మా, ఇక్కడ రొయ్యల చెరువులున్నాయాండి?" అన్నారు రామరాజు గారు.

సరోజ నవ్వలేదు. "ఉన్నాయండి, వంతెన దాటాల. గంట పడతాది. నిజంగా చెరువులే సూస్తారేటి?"

వేల మైళ్లు ఎగిరి, సముద్రం మీద తేలి, ఒక్కపూట నేల మీద కాలుపెట్టి, వానలో రొయ్యల చెరువు చూడ్డానికి వెళ్లిన యాత్రికులు చరిత్రలో మేమే అయి ఉంటాం. నన్ను చూసే అదృష్టం ఆ గుడి పాములకి లేదని సరిపెట్టుకున్నాను.

వంతెన అవతల

దీవికీ ప్రధాన భూమికీ మధ్య సముద్రం మీద పొడవాటి వంతెన. నేను నోరు తెరిచి చూస్తుంటే రామరాజు గారు, "బాగుందండి. కానీ మన రాజమండ్రి దాని మీద రైలు కూడా వెళ్తుందిగా" అన్నారు. ఊరి పరువు నిలబెట్టారని నేను నోరు మూసుకున్నాను.

వంతెన దిగి దక్షిణానికి తిరిగాం. కొబ్బరి తోటలు, కాలవలు, కాలవ పక్కన చిన్న ఇళ్లు, ఇళ్ల ముందు ఆరేయడానికి తెచ్చి వాన చూసి లోపలికి తీసేసిన వలలు. బోర్డుల మీద అక్షరాలు తుడిచేస్తే రాజోలు దాటుతున్నామనుకోవచ్చు. సత్తిబాబు గారు నిజంగానే, "ఈ మలుపులో మా వియ్యంకుడి ఇల్లుండాలండీ" అన్నారు.

దారిలో సరోజ అరటాకు పొట్లాలు కొనిచ్చింది. కొబ్బరిపాలతో వండిన అన్నం, పక్కన ఎర్రటి కారం, పైన కరకరలాడే నెత్తళ్ల వేపుడు. నెత్తళ్లు చూడగానే రామరాజు గారి కళ్లలో, పరాయి ఊళ్లో చుట్టం కనబడ్డ వెలుగు వచ్చింది. కారంలో మాత్రం పంచదార వేశారు. పచ్చడిలో పంచదార వేసే జాతితో ఎలా స్నేహం చేయాలో తెలియక కారం పక్కకి నెట్టి నెత్తళ్లతోనే కానిచ్చాం.

చెరువు

సరోజ వ్యాను ఆపిన చోట మొత్తం ఒక్కటే చెరువు. నీటిని చిలికే చక్రాలు నాలుగు తిరుగుతున్నాయి. గట్టు మీదికి వెళ్లే దారికి అడ్డంగా తాడు, తాడు ముందు సున్నపునీళ్ల తొట్టి. తాడు అవతల అరవై ఏళ్ల మనిషి, తలకి ప్లాస్టిక్ సంచీ కట్టుకుని, మా వైపు అనుమానంగా చూస్తున్నాడు.

"పేరు పెట్టి పిలవకండి. ఇక్కడ పెద్దోరిని పాక్చిక్ అనాల, బాబాయ్ అన్నట్టు" అని సరోజ చెప్పింది.

రామరాజు గారు తాడు బయటే నిలబడి రెండు చేతులూ జోడించి, "పాక్చిక్ గారూ, నమస్కారమండి" అన్నారు.

ఆ 'గారు' ఆయనకి అర్థమైందో లేదో గానీ తాడు మాత్రం తియ్యలేదు. సరోజ వాళ్ల భాషలో ఏదో చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"పైవోళ్లని గట్టెక్కనివ్వరంటండి. జబ్బు వస్తాదని, దిష్టని. ఏటనుకోకండి."

నేను అనుకోబోయాను. రామరాజు గారు మాత్రం పొంగిపోయారు. "అనుకోవడమేంటమ్మా! అదీ పద్ధతి. మా చెరువు గట్టు మీదికి మా బావమరిదినే రానివ్వనండి నేను."

అలా మేం నలుగురం గొడుగుల కింద, తాడు ఇవతల, ఒక చెరువుని దూరం నుంచి చూస్తూ నిలబడ్డాం. ఓడలో వచ్చిన మిగతా మావాళ్లు ఈపాటికి బజారులో ఉంటారు. నేను ఆ మాట పైకి అనబోతుంటే ఉరిమింది. వాన ఒక్కసారి చిక్కబడింది. చక్రాలు ఆగిపోయాయి.

కరెంటు పోయింది.

పాక్చిక్ గట్టు చివరి రేకుల షెడ్డు వైపు పరిగెత్తాడు. జనరేటరు రెండుసార్లు దగ్గి, మానేసింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ దగ్గింది. వాళ్లావిడ ఇంట్లోంచి బయటికొచ్చి నీళ్లలోకి చూసి అక్కడే ఆగిపోయింది.

"తేలుతోందండీ" అన్నారు సత్తిబాబు గారు చిన్న గొంతుతో.

మొదట నాకేం కనబడలేదు. తర్వాత గట్టు వెంబడి నీళ్లమీద సన్నటి మీసాలు, వాటి వెనక నల్లటి పూసల్లాంటి కళ్లు. ఒక చోట కాదు, చుట్టూతా. తెలియనివాళ్ల కోసం చెబుతాను: పైన పడ్డ వాననీరు ఉప్పునీటి మీద దుప్పటిలా కప్పేస్తుంది, అడుగున ఊపిరాడదు, రొయ్య పైకొస్తుంది. చక్రాలు తిరిగి నీళ్లు కలిపితే బతుకుతుంది. లేకపోతే నెలల తరబడి పోసిన మేతా, చేసిన కాపలా ఆ పూటకే సరి.

నేను రామరాజు గారి వైపు చూశాను. ఆయన కదల్లేదు. తాడు మీద చెయ్యి వేసి బిగబట్టుకుని నిలబడ్డారు.

"వెళ్దామండి!" అన్నాను.

"పిలవకుండా ఒకరి గట్టెక్కకూడదండీ, అండీ."

రెండో 'అండీ' వినబడింది కాబట్టి నేనూ ఆగాను. షెడ్డులోంచి పాక్చిక్ బయటికొచ్చాడు. మమ్మల్ని చూశాడు. నీళ్లని చూశాడు. వచ్చి తాడు విప్పి కింద పడేశాడు.

అంత కంగారులోనూ రామరాజు గారు మా అందరి చేత సున్నపు తొట్టిలో కాళ్లు కడిగించారు. "మడమలు కూడానండి" అని నన్ను వెనక్కి పిలిచి మరీ.

డీజిల్

సత్తిబాబు గారు షెడ్డులో దూరి, ఇంజను కింద మూత విప్పి, కారినదాన్ని వేళ్ల మధ్య రుద్ది చూశారు. "డీజిల్లో నీళ్లండి. వాన డ్రమ్ములోకి దిగింది. మంచి ఆయిలు కావాలి."

ఆ చుట్టుపక్కల మంచి ఆయిలు ఒక్కచోటే ఉంది. అందరం వ్యాను వైపు చూశాం.

"నా వ్యాన్లో తీసేస్తే మీరు ఓడకెలాగెల్తారేటి?" అంది సరోజ. అంటూనే ట్యాంకు మూత తీసింది.

గొట్టం దూర్చి నోటితో పీల్చే పని ఎవరికి పడిందో వేరే చెప్పక్కర్లేదు. డిగ్రీ చదివినవాణ్ని అక్కడ నేనొక్కణ్నే. ఒక పుక్కిలి లోపలికే పోయింది. విదేశీ డీజిల్ రుచి అడిగినవాళ్లకి నా సమాధానం ఒకటే, మన దానికంటే పంచదార తక్కువ.

ఈలోగా చెరువులో ఇంకో పని జరుగుతోంది. ఈ టూరు కోసమే కుట్టించిన ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, మడత నిలవకపోతే వదిలేసి, రామరాజు గారు నడుంలోతు నీళ్లలో దిగారు. రెండు చేతులా బకెట్టుతో నీళ్లు ఎత్తి ఎత్తి కొడుతున్నారు. పక్కన పాక్చిక్, ఆ పక్కన వాళ్లావిడ, గొడుగు పారేసిన సరోజ. ఎవరికీ ఎవరి భాషా రాదు, ఒక్క సరోజకి తప్ప. ఆవిడకి నీళ్లు మింగడంతోనే సరిపోతోంది. అయినా మాటలు జోరుగా నడుస్తున్నాయి.

"ఆక్సిజన్!" అంటారు రామరాజు గారు.

"ఒక్సిజెన్, ఒక్సిజెన్!" అంటాడు పాక్చిక్.

"వైరసుందాండి?"

"వైరుస్ తా అదా!" అని ఆయన చెయ్యి గట్టిగా ఊపాడు.

"లేదంటండి!" అని రామరాజు గారు అనువదించి మాకు కేక పెట్టారు. పంపు, డీజిల్, వైరస్, ఆక్సిజన్. ఈ నాలుగు మాటలుంటే సముద్రం తగిలే ఏ ఊళ్లోనైనా చుట్టరికం కలిపేసుకోవచ్చు.

ఇంజను మూడు ప్రయత్నాలకి దగ్గి, నాలుగో దానికి అందుకుంది. సత్తిబాబు గారు తల పక్కకి వాల్చి విని, "ఊఁ" అన్నారు. విమానానికి కూడా ఇవ్వని సర్టిఫికెట్టు అది. చక్రాలు తిరిగాయి. పాక్చిక్ నీళ్లలో నిలబడే మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడని రాస్తే కథ రక్తి కడుతుంది గానీ ఆ వానలో ఎవరు ఏం తుడుచుకున్నారో చెప్పడం కష్టం.

"పదండి, బేగి" అంది సరోజ. "ఓడెల్లిపోద్ది."

రామరాజు గారు గట్టు అంచున గొంతుక్కూర్చున్నారు. మీసాలు కొన్నిచోట్ల కిందికి దిగాయి. కొన్నిచోట్ల లేదు. కొన్ని రొయ్యలు ఒడ్డున తెల్లబడి పక్కకి ఒరిగాయి.

"రొయ్య కిందికి దిగిందాకా నేను రానండి."

"రాజు గారూ, పాస్‌పోర్టులు ఓడలో ఉన్నాయండి" అన్నాను నేను.

"ఉండనివ్వండి. వాటికేం, పొడిగానే ఉన్నాయిగా."

చివరికి పాక్చికే వచ్చి ఆయన భుజం పట్టుకుని లేపాడు. చేతి గడియారం చూపించి, రేవు వైపు చూపించి, ఏదో గట్టిగా అన్నాడు. సరోజ చెప్పకపోయినా అర్థమైంది, మా మామయ్య కూడా నన్ను అదే గొంతుతో వెళ్లమంటాడు. వాళ్లావిడ అరటాకులో ఏదో చుట్టి నా చేతిలో పెట్టింది. బెల్లమూ కొబ్బరీ పెట్టిన ఉండ్రాళ్లు, అచ్చం మనవే.

మళ్లీ రేవు

వ్యాన్లో ఆయిలు చూపే సూది అట్టడుగున ఉంది. సరోజ వంతెన మీద మలుపు వచ్చినప్పుడల్లా సూదినీ, నన్నూ మార్చి మార్చి చూసింది, నేను మింగిన పుక్కిలి తిరిగిచ్చేస్తానేమోనని. రేవు దగ్గర మేం ముగ్గురం బురదతో, సున్నంతో, డీజిల్ వాసనతో పరిగెత్తాం. ఓడ మైకులో మా పేర్లు పిలుస్తున్నారు. 'రామరాజు' అన్న పేరుని అన్ని ముక్కలుగా విరవొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. నిచ్చెన ఎక్కామో లేదో వెనక గేటు మూశారు.

కుర్ర ఆఫీసరు ఏడుపొక్కటే తక్కువ. ఇంత పరుగూ పెట్టాక తెలిసిందేంటంటే, వాన వల్ల ఓడ ఇంకో గంట కదలదట.

"గంటండీ! అప్పటికి రొయ్య దిగిందో లేదో తెలిసిపోయేదండీ, అండీ" అన్నారు రామరాజు గారు.

ఆ సాయంత్రం ఆయన భోజనానికి రాలేదు. నేను పళ్లెం పట్టుకుని వెళితే, డెక్కు మీద రెయిలింగు పట్టుకుని, ఒడ్డు ఉండాల్సిన వైపు చూస్తున్నారు.

"పోయినేడు మా చెరువు తేలిందండి శీను గారూ. అప్పుడూ వానే. ఊరంతా వచ్చారు. రోడ్డు మీదే నిలబడిపోయారండి. గట్టెక్కితే ఊరుకోనని నేనే అందరికీ చెప్పి ఉన్నానుగా. పిలుద్దామంటే నోరు రాలేదండి."

పళ్లెంలో పెట్టుకెళ్లిన అరటాకు పొట్లం విప్పాను. "ఉండ్రం తినండి" అన్నాను.

తిన్నారు.

సింగపూర్

ఓడ దిగగానే సత్తిబాబు గారు ఫోను కార్డు కొన్నారు. రేవు హాల్లో వరసగా ఉన్న ఫోన్లలో ఒకటి చూసి, వ్యాను దిగేటప్పుడు సరోజ ఇచ్చిన నంబరు నేను నొక్కాను. రామరాజు గారు అందుకున్నారు. ఊరు ఎంత దూరమైతే అంత గట్టిగా అరవాలన్నది ఫోను గురించి ఆయన సిద్ధాంతం. పెనాంగ్ కొంచెం దూరం.

"అమ్మా సరోజా! ఏమైందమ్మా?... ఆఁ?... సగం పోయాయా?"

హాలంతా వెనక్కి తిరిగింది. ఆయన కళ్లు మూసుకుని వింటున్నారు.

"మిగతావి నిలబడ్డాయా? నిన్న వలేసి పట్టేశారా? మంచి పని చేశారండి. ఆఁ? మళ్లీ పిల్ల వేద్దామనుకుంటున్నారా?"

మళ్లీ చెరువులో రొయ్య పిల్లల్ని వదులుతానంటే, రైతు ఇంకా రైతుగానే ఉన్నాడన్నమాట. రామరాజు గారు కళ్లు తెరిచారు. గొంతు ఇంకొంచెం పెంచారు.

"తొందరపడొద్దని చెప్పమ్మా! ముందు చెరువు ఎండాలి. అడుగున నెర్రెలు విచ్చిందాకా ఎండాలి. నల్లమట్టి చెక్కేయమనండి. తర్వాత సున్నం. డ్రమ్ముకి మూత పెట్టమను, సత్తిబాబు గారు మరీ మరీ చెప్పమన్నారు..."

ఫోను చిన్న తెర మీద అంకె సున్నా దగ్గర ఆగి ఆరిపోయింది. కార్డు అయిపోయింది. లోపలినుంచి కూతలాంటిదేదో వస్తోంది గానీ ఆ అరుపు ముందు అది ఏపాటి.

"...ఇంకోటి! ఈసారి ఏమైనా అయితే పక్క చెరువులవాళ్లని పిలవమనమ్మా. సిగ్గుపడొద్దను. ముందే చెప్పి ఉంచమను. తాడు ఉంటే ఉండనివ్వండి, పిలవడం మాత్రం..."

సత్తిబాబు గారు తెర చూసి, "లైనూ..." అనబోయారు.

నేను ఆయన కాలు తొక్కాను.